హుషారు ఎక్కువైన కుక్కతో ఒబీడియన్స్ క్లాసు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంట్లో "సిట్" అన్న మాట పూర్తికాకముందే కూర్చునే కుక్క, మాట వినడం నేర్పే ఒబీడియన్స్ క్లాసు తలుపు దాటగానే ఆ మాట పుట్టి బుద్ధెరిగి విననట్లు ప్రవర్తిస్తుంది. ఇంట్లో రామయ్య, వీధిలో కృష్ణయ్య అన్న సామెత కుక్కలను చూసే పుట్టిందేమో అనిపించే సందర్భమిది. ఇలాంటి కుక్కతో రెండు కోర్సులు పూర్తి చేసిన అనుభవంతో నేను ముందుగా చెప్పదలచుకున్నది ఒక్కటే. క్లాసులో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు కుక్క మొండితనం వల్ల రావు, మాట వినగలిగే స్థితిలో అది లేకపోవడం వల్ల వస్తాయి. అందుకే కింది పరిష్కారాలన్నింటిలోనూ వరుస ఒకటే ఉంటుంది: ముందు దూరం పెంచాలి, తరువాత ట్రీట్లు, అంటే మెచ్చి ఇచ్చే తినుబండారాల ముక్కలు, వెంటవెంటనే ఇవ్వాలి, కుక్క కుదుటపడిన తరువాతే ఆదేశం ఇవ్వాలి.

సమస్య: కారు దిగినప్పటి నుంచే లాగుతుంది, తలుపు దగ్గరికి చేరేసరికి పూర్తిగా అదుపు తప్పుతుంది

గంట మోగగానే తిండి వస్తుందని అలవాటుపడిన కుక్కకు ఆ గంట వినగానే నోరూరుతుందని రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాలు చూపించాయి. క్లాసుకు నాలుగు వారాలు వెళ్లిన కుక్కకు ఆ వీధి మలుపు, అక్కడి వాసన, లోపలి నుంచి వినిపించే మొరుగులు, చివరకు తలుపు గడియ చప్పుడు కూడా అలాంటి గంటలే. లోపలికి అడుగుపెట్టకముందే దాని ఉద్వేగం తారస్థాయికి చేరుతుంది. దానికి తోడు మన వంతు పొరపాటు ఒకటి ఉంటుంది. మొదటి మూడు వారాలు మేము క్లాసుకు రెండు నిమిషాల ముందు చేరేవాళ్లం. లీష్‌ను, అంటే కుక్కను పట్టుకునే తాడును, చేతికి రెండు చుట్లు చుట్టుకుని, భుజం ఊడివస్తుందేమో అన్నంతగా అది ఈడ్చుకుపోతుంటే వెనకే పరుగెత్తి, తలుపు తోసుకుని లోపల పడేవాళ్లం. అరచేతి మీద ఎర్రటి చారలు మరునాటికి గానీ తగ్గేవి కావు. లాగిన ప్రతిసారీ ఆ తలుపు తెరుచుకుంటోందనీ, అంటే లాగడం నేర్పుతున్నది నేనేననీ అర్థం కావడానికి నెల పట్టింది.

పరిష్కారం తొందర లేకుండా చేరడంతో మొదలవుతుంది. కనీసం 15, 20 నిమిషాల ముందు వెళ్లి, తలుపుకు బాగా దూరంగా, వదులుగా పట్టుకున్న లీష్ మీద కుక్కను తనకు నచ్చినట్లు నేల వాసన చూడనివ్వాలి. మనిషి ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాలు 50, 60 లక్షలు ఉంటే, కుక్కలో జాతిని బట్టి 30 కోట్ల వరకు ఉంటాయి. కొత్త చోటును అది ముక్కుతోనే చదువుతుంది. ఆ చదువు ముగిసేదాకా మన వైపు చూడమని అడగడం వృథా ప్రయాస. తరువాత తలుపు వైపు నడవాలి. లీష్ బిగుసుకున్న క్షణంలోనే ఏమీ అనకుండా వెనక్కి తిరిగి నాలుగడుగులు వేయాలి, వదులు కాగానే మళ్లీ తలుపు వైపు మళ్లాలి. మొదటి రోజు ఇరవై అడుగుల దూరానికి పది నిమిషాలు పట్టవచ్చు, క్లాసులో మొదటి పాఠం తప్పిపోవచ్చు కూడా. ఆ రోజుకు అదే పాఠం అనుకోవాలి. వీలైతే క్లాసు లేని రోజున తలుపు దాకా వెళ్లి, లోపలికి పోకుండానే తిరిగి రావడం రెండు మూడుసార్లు చేస్తే, తలుపు కనిపిస్తే పండగే అన్న లెక్క కుక్క మనసులో చెదిరిపోతుంది.

పరికరం విషయం క్లుప్తంగా చెబుతాను. ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవుండే మామూలు లీష్ చాలు. లాగితే సాగుతూ పోయే చుట్ట లీష్ క్లాసుకు పనికిరాదు, ఎందుకంటే లాగితే దారి దొరుకుతుందన్న పాఠాన్ని అది ప్రతి అడుగుకూ నేర్పుతుంది. మెడకు కాక ఒంటికి తొడిగే పట్టీ, అంటే హార్నెస్, ఛాతీ దగ్గర కొక్కెం ఉన్నదైతే లాగుడు బలాన్ని పక్కకు మళ్లిస్తుంది, మెడ మీద ఒత్తిడి పడనివ్వదు.

సమస్య: ఇతర కుక్కలను చూసి మొరుగుతూ, వాటి మీదికి దూకబోతుంది

ఇక్కడ తేల్చుకోవలసిన మొదటి సంగతి, ఆ మొరుగు ఆత్రమా, భయమా అన్నది. రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి గనుక కంటితో చూడాలి. దేహం వదులుగా ఊగుతూ, ముందుకాళ్లు వంచి నడుము పైకెత్తి ఆటకు పిలుస్తూ, లీష్ అడ్డుపడినందుకు మొరిగితే అది ఆత్రం. దేహం బిగుసుకుని, బరువు వెనక కాళ్ల మీదకు జారి, తోక ముడుచుకుని, కంటి తెల్లగుడ్డు కనబడుతూ, ఆకలి లేకపోయినా పెదవులు నాకుతూ, నిద్ర రాకపోయినా ఆవలిస్తూ ఉంటే అది భయం. ఆత్రానికి ఓపిక మందు. భయానికి దూరమే మందు, అవసరమైతే గుంపు క్లాసు ఆపేసి ఒంటరిగా శిక్షణ ఇప్పించాలి, ప్రవర్తన సమస్యలు చూసే పశువైద్యుల సలహా తీసుకోవాలి.

ఏదైనా సరే, మొదట చేయవలసిన పని ఒకటే. ఎదుటి కుక్కను చూస్తూ కూడా తన పేరు పిలిస్తే మన వైపు తల తిప్పగలిగే దూరం ఎంతో కనిపెట్టాలి. కొన్ని కుక్కలకు అది ఐదు అడుగులు, కొన్నింటికి యాభై. ఆ దూరం లోపల ఇచ్చే ఆదేశం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్లే. క్లాసు గది చిన్నదైతే మూలన చోటు ఇవ్వమని, లేదా మధ్యలో ఒక అడ్డుతెర పెట్టమని శిక్షకులను మొహమాటం లేకుండా అడగాలి. మంచి శిక్షకులు అడగకముందే ఆ ఏర్పాటు చేస్తారు. ఆ దూరంలో నిలబడి, మన కుక్క ఎదుటి కుక్కను చూసిన మరుక్షణమే, అది నోరు తెరవకముందే, ట్రీట్ నోటికి అందించాలి. చూసింది, ట్రీట్ వచ్చింది. మళ్లీ చూసింది, మళ్లీ వచ్చింది. ఇలా కొన్ని పదులసార్లు జరిగాక ఒక ముచ్చటైన మార్పు కనిపిస్తుంది: ఎదుటి కుక్కను చూడగానే అది తనంతట తానే మన చేతి వైపు తిరుగుతుంది. అప్పుడు ఒక అడుగు ముందుకు జరగవచ్చు, ఒక్కటే.

మన చేయి చేసే చాడీ కూడా ఒకటుంది. ఎదురుగా కుక్క కనబడగానే ఊపిరి బిగబట్టి లీష్‌ను గట్టిగా గుంజి పట్టుకుంటాం. ఇతర కుక్క కనిపిస్తే మెడ బిగుసుకుంటుందని మన కుక్క కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటుంది, ఇక దాని మొరుగుకు ఇంకో కారణం దొరికినట్లే. క్లాసులో లీష్ మీద ఉండగా కుక్కలను ఒకదానికొకటి పలకరించనివ్వడం కూడా మంచిది కాదు. "మాది చాలా మంచిదండీ, రానివ్వండి" అనే తోటి యజమానికి మర్యాదగానే అడ్డు చెప్పాలి.

సమస్య: ట్రీట్ తీసుకోదు, లేదా వేళ్లతో సహా కొరికేస్తుంది

చాలామంది దీన్ని చిన్న విషయంగా వదిలేస్తారు. నా దృష్టిలో క్లాసులో ఇంతకన్నా నమ్మకమైన కొలమానం లేదు. ఇంట్లో పెదవులతో సుతారంగా అందుకునే కుక్క, క్లాసులో పళ్లు తగిలేలా లాక్కుంటోందంటే దాని ఉద్వేగం పెరుగుతోందని అర్థం. ఎంతో ఇష్టమైన ముక్కను ముక్కు ముందు పెట్టినా చూడకపోతే హద్దు దాటిపోయిందని అర్థం. మా కుక్క మొరగడానికి అర నిమిషం ముందే నా చూపుడువేలి చివర చురుక్కుమనేది. ఆ చురుకు తగలగానే నాలుగడుగులు వెనక్కి వేయడం అలవాటు చేసుకున్నాక మొరుగులు సగానికి సగం తగ్గాయి.

వెనక్కి వెళ్లాక కూడా తినకపోతే గది బయటికి తీసుకుపోయి, నేల మీద నాలుగు ముక్కలు చల్లి వెతుక్కోనివ్వాలి. ముక్కు పనిలో పడితే మెల్లగా ఊపిరి కుదుటపడుతుంది. అప్పటికీ తినకపోతే ఆ రోజుకు ఇంటికి వెళ్లడమే మేలు. ట్రీట్ విలువ కూడా చూసుకోవాలి: రోజూ గిన్నెలో పెట్టే ఎండు గింజలు ఇంట్లో చెల్లుతాయి గానీ క్లాసులో చెల్లవు. ఉడికించిన మాంసం లాంటి మెత్తటి, వాసన వచ్చే పదార్థాన్ని బఠానీ గింజంత ముక్కలుగా కోసి తీసుకెళ్లాలి. ట్రీట్ల ద్వారా వచ్చే శక్తి రోజువారీ ఆహారంలో పదో వంతు మించకూడదు గనుక ఆ రోజు గిన్నెలో తిండి కొంత తగ్గించాలి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కలిపిన పదార్థాలు కుక్కలకు విషం, వాటిని సంచిలోకి కూడా రానివ్వకూడదు.

సమస్య: ఇంట్లో అన్నీ చేస్తుంది, క్లాసులో ఒక్కటీ చేయదు

కుక్కలు ఒక చోట నేర్చుకున్నదాన్ని మరో చోటికి తేలికగా అన్వయించుకోలేవు. మనం "సిట్" అన్న మాట నేర్పామనుకుంటాం. వంటగదిలో, మనం ఎదురుగా నిలబడి, కుడిచేయి ట్రీట్ సంచి వైపు కదిపినప్పుడు కూర్చోవాలని అది నేర్చుకుని ఉండవచ్చు. నమ్మకం లేకపోతే ఇంట్లోనే కుక్కకు వీపు తిప్పి, చేతులు కట్టుకుని, "సిట్" అని చూడండి. అది అయోమయంగా మన ముందుకు నడిచి వచ్చి నిలబడితే ఇన్నాళ్లూ పని చేసింది మాట కాదు, చేతి కదలిక అని తేలిపోతుంది.

కాబట్టి ఒకే ఆదేశాన్ని గదుల్లో, మెట్ల దగ్గర, గేటు ముందు, వీధి చివర, ఇలా చోటు మార్చుతూ మొదటి నుంచి నేర్పుకు రావాలి. ఎంతసేపు, ఎంత దూరం నుంచి, ఎంత సందడిలో అన్న మూడు మెలికల్లో ఒకసారికి ఒకటే బిగించాలి, మిగిలిన రెండింటినీ వదులు చేయాలి. ఇంట్లో ఒక నిమిషం "స్టే" చేసే, అంటే కదలకుండా ఉండే, కుక్కను క్లాసులో మూడు క్షణాలు అడగడం వెనకడుగు కాదు. "సిట్, సిట్, సిట్ అంటున్నానా!" అని పదేపదే అంటే ఐదో పిలుపు దాకా కదలక్కర్లేదని నేర్పినట్లవుతుంది. ఒక్కసారే చెప్పి, చేయకపోతే చేతిలో ట్రీట్‌తో దారి చూపించి, చేసిన క్షణంలోనే, అంటే ఒక సెకను లోపల, మెచ్చుకోవాలి. ఆలస్యమైతే అది లేచి నిలబడినందుకు బహుమానం ఇచ్చినట్లవుతుంది. చేతులు నెమ్మదిగా ఉండే మనలాంటివారికి నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, క్లిక్కర్, ఇందుకే పనికొస్తుంది: చప్పుడు క్షణాన్ని గుర్తుపెడుతుంది, ట్రీట్ కాస్త వెనక వచ్చినా నష్టం లేదు.

సమస్య: తన వంతు రాకముందు కూతలు పెడుతుంది, లీష్ కొరుకుతుంది

గంట క్లాసులో కుక్క నిజంగా పని చేసే సమయం చాలా తక్కువ, మిగతాదంతా శిక్షకుల మాటలు వినడానికే పోతుంది. ఆ ఖాళీ కుక్కకు నరకం. ఇంట్లో ఒక చిన్న చాప లేదా దుప్పటి మీద పడుకోవడాన్ని ముందుగానే నేర్పి, మొదట ప్రతి నాలుగైదు సెకన్లకొక ముక్క చాప మీదే పెడుతూ, క్రమంగా ఎడం పెంచుతూ పోవాలి. ఆ చాపనే క్లాసుకు తీసుకెళ్తే కుక్కకు తన చోటు తనతో వచ్చినట్లుంటుంది. నమలడానికి బొమ్మ ఒకటి ఉంటే ఇంకా మంచిది. మొరిగినప్పుడు అరవకూడదు, మనం కూడా గొంతు కలిపామని అది సంబరపడుతుంది. మొరిగితే పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో మొరుగు ఇంకా పెరుగుతుందని కూడా తెలిసి ఉండాలి. ఇంతకుముందు ఫలించిన ఉపాయాన్ని అది మరింత గట్టిగా ప్రయత్నించి చూస్తుంది, అక్కడ లొంగిపోతే పెద్ద మొరుగుకే ఫలితం ఉందని నేర్చుకుంటుంది.

లీష్ కొరకడం క్లాసు చివరి పావుగంటలోనే మొదలైతే అది అలసట. పసిపిల్లలు నిద్రకు ముందు పేచీ పెట్టినట్లే. నిస్సంకోచంగా ముందే బయటపడాలి. ఎక్కువసేపు, ఎక్కువసార్లు అభ్యాసం చేయిస్తే త్వరగా వస్తుందన్న నమ్మకం కూడా సరైనది కాదు. 44 ప్రయోగశాల బీగిల్ కుక్కల మీద జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ శిక్షణ పొందిన వాటికన్నా వారానికి ఒకటి రెండుసార్లు శిక్షణ పొందినవే తక్కువ పాఠాలతో నేర్చుకున్నాయి.

సమస్య: బాగా నేర్చుకున్న కుక్కపిల్ల ఏడెనిమిది నెలలకు అంతా మరిచిపోయింది

మరిచిపోలేదు, ఈడుకు వస్తోంది. సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా, పెద్ద జాతుల్లో ఇంకా కొంతకాలం, ఈ దశ ఉంటుంది. ఆదేశాలను ఒక మెట్టు కిందికి దించి, ట్రీట్లు ఒక మెట్టు పెంచి, కోర్సు మానకుండా కొనసాగించాలి.

సమస్య: ప్రతి క్లాసు తరువాత కుక్క పరిస్థితి ఇంకా దిగజారుతోంది

ఇక్కడ అనుమానించవలసింది క్లాసునే. మేము మొదట వెళ్లిన చోట చిన్న గదిలో పద్నాలుగు కుక్కలు ఉండేవి, మొరిగినదానికల్లా మెడ గొలుసు గుంజేవారు. మూడో వారానికి మా కుక్క నిశ్శబ్దమైంది. అది నేర్చుకుందని సంతోషించాను, కానీ ఇంటికి వచ్చాక అది నీళ్లు కూడా తాగకుండా మంచం కిందకు దూరేది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిపి 2020లో ప్రచురించిన అధ్యయనం, దండన పద్ధతులు వాడే క్లాసుల్లోని కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు ఎక్కువగా ఉన్నాయనీ, శిక్షణ తరువాత వాటి లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ మరింత పెరిగిందనీ తేల్చింది. అమెరికాలో ప్రవర్తన శాస్త్రం మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో, కుక్కలకు బహుమాన పద్ధతుల్లోనే శిక్షణ ఇవ్వాలని ప్రకటించింది. కాబట్టి చేరే ముందు కుక్క లేకుండా ఒకసారి వెళ్లి కూర్చుని చూడాలి. కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారని అడగాలి. మెడ బిగించే గొలుసు, ముళ్ల కాలర్, షాక్ కాలర్ పేర్లు వినిపిస్తే లేచి వచ్చేయాలి.

సమస్య: ఇన్నాళ్లూ కూర్చున్నది హఠాత్తుగా కూర్చోవడం మానేసింది

ఇది శిక్షకులను కాక పశువైద్యులను అడగవలసిన ప్రశ్న. తుంటి, మోకాలు, నడుము నొప్పి ఉన్న కుక్క కూర్చోబోయి మధ్యలోనే లేచిపోతుంది, లేదా ఒక తొడ మీదకు ఒరిగి కూర్చుంటుంది. చెవిలో నొప్పి ఉన్నది తల వైపు వచ్చే చేతి నుంచి తప్పుకుంటుంది. పరీక్షకు వెళ్లేటప్పుడు, అది కూర్చునే తీరును పక్క నుంచీ వెనక నుంచీ ఫోనులో వీడియో తీసి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకున్న కుక్క ఆ లోపాన్ని చూపించదు.