రాత్రి డ్రైవ్‌కి ముందు అద్దం లోపల తుడవండి

లేట్ షిఫ్ట్ అయ్యాక ఖాళీ రోడ్డు మీద ఇంటికెళ్లే ఆ కాసేపు నాకు చాలా ఇష్టం. ఎవరూ ఏమీ అడగరు, టైర్ల చప్పుడొకటే తోడు. ఆ హాయి పూర్తిగా దక్కాలంటే కారు ముందు అద్దాన్ని లోపలి వైపు మెత్తటి గుడ్డతో తుడిచి బయల్దేరండి. బయట అందరూ తుడుస్తారు, లోపల పేరుకునే సన్నటి జిడ్డు పొరను పట్టించుకోరు. ఎదురొచ్చే లైట్లు చెదిరి కళ్లలో కొట్టేది చాలాసార్లు దానివల్లే. డాష్‌బోర్డు వెలుతురూ తగ్గించండి. కళ్లు చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది మరి. ఆవలింతలు మొదలైతే మాత్రం కిటికీ తెరిచి సరిపెట్టుకోకండి, దయచేసి. భద్రమైన చోట ఆపి 20 నిమిషాలు కునుకు తీయండి. మత్తు పూర్తిగా వదిలాకే మళ్లీ బండి తీయండి.