మందు తగ్గిద్దాం అనుకుంటున్నారా, అయితే మొదటి వారానికి ముందే ఇవి చూసుకోండి

రేపట్నుంచి మందు తగ్గించేస్తా, పొట్ట తగ్గాలి, బీపీ తగ్గాలి అని గట్టిగా అనుకున్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. డేట్ ఫిక్స్ చేసుకునే ముందు మీరు ఎలాంటి తాగుడు తాగుతున్నారో నిజాయితీగా చూసుకోండి. వారానికి ఒకసారో రెండుసార్లో తాగేవాడికి, రోజూ తాగేవాడికి జాగ్రత్తలు ఒకటి కావు, అస్సలు కావు. మొదటివాడు రేపే ఆపేసినా మహా అయితే చిరాకు వస్తుంది, రెండోవాడు అలాగే ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. ఈ మాట చాలామందికి తెలీదు, మా ఇంట్లోనూ తెలీదు.

మా బావ ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు. ఒకరోజు పిల్లల ముందు మాట ఇచ్చి టక్కున ఆపేశాడు, మేమంతా సంతోషించాం, అక్క అయితే ఏడ్చేసింది. మర్నాడు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట, తిన్నది కక్కేశాడు, సరే నీరసం అనుకున్నాం. ఆ రాత్రి ఫిట్స్ వచ్చింది. హాస్పిటల్‌కి తీసుకెళ్తే తర్వాతి రెండు రోజులు గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూనే ఉన్నాడు, అక్కని కూడా గుర్తుపట్టలేదు. డాక్టర్లు చూసుకున్నారు కాబట్టి బయటపడ్డాడు. మంచి పని చేస్తున్నాడనే అనుకున్నాం కదా అందరం, ఆ పని ఎలా చెయ్యాలో ఎవరమూ అడగలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

లోపల జరిగేది ఇది. మందు మెదడుని నెమ్మదింపజేస్తుంది, రోజూ పడుతుంటే మెదడు దానికి ఎదురుగా తన స్పీడ్ పెంచుకుని అలవాటు పడిపోతుంది. అలాంటప్పుడు మందు ఒక్కసారిగా తీసేస్తే బ్రేక్ పోయి ఆ స్పీడ్ ఒక్కటే మిగులుతుంది. చివరి గ్లాసు తర్వాత 6 గంటల నుంచి ఒక రోజు లోపు వణుకు, చెమటలు, గుండె దడ, వాంతి, నిద్ర లేకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. అయోమయం, లేనివి కనపడటం, జ్వరం, ఒళ్లు తెలీకుండా అరవడం లాంటివి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో వస్తాయి, దీన్నే డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ట్రీట్‌మెంట్ లేకపోతే ఇది చంపేయగలదు. కాబట్టి మొదటి రోజు బానే గడిచింది కదా అని రిలాక్స్ అవ్వకండి, అసలు చూసుకోవాల్సింది ఆ తర్వాతి మూడు రోజులు.

మీరు ఈ కోవలో ఉన్నారో లేదో ఇలా చూసుకోండి. పొద్దున లేవగానే చేతులు వణికి, కొంచెం పడితే తగ్గుతుందా? ఒకరోజు తాగకపోతే చెమటలు పట్టి నిద్ర పట్టదా? ఇంతకుముందు ఎప్పుడైనా ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా? రోజూ క్వార్టర్‌కి, అంటే 180 మిల్లీకి, తక్కువ కాకుండా తాగుతున్నారా? వీటిలో ఒక్కదానికి అవును అనిపించినా సొంతంగా ఆపొద్దు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేదాకా ఒక్కసారిగా సున్నా చెయ్యొద్దు. అప్పటికే చాలా గంటలు అయిపోయి వణుకు మొదలైపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అప్పుడే హాస్పిటల్‌కి వెళ్లిపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే 10 ప్రశ్నల టెస్ట్ ఉంది, 40కి మార్కులు, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే తాగుడు హాని చేసే స్థాయిలో ఉందని, 20కి చేరితే బానిస అయ్యే అవకాశం గట్టిగా ఉందని లెక్క. డాక్టర్‌ని అడిగితే అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

డాక్టర్ దగ్గర దీనికి మందులున్నాయి, కొన్ని రోజులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, దాంతో పాటు బి1 విటమిన్ ఇస్తారు, అదే థయామిన్. చాలాకాలంగా తాగేవాళ్ల ఒంట్లో ఇది బాగా తగ్గిపోయి ఉంటుంది, మరీ తగ్గితే మెదడు దెబ్బతింటుంది, నడక తూలడం, కళ్లు అటూ ఇటూ కొట్టుకోవడం, మతి తప్పడం కనపడతాయి. తాగకుండానే తూలుతున్నాడంటే దొంగచాటుగా తాగాడని తిట్టకండి, తీసుకెళ్లి చూపించండి.

ఇంట్లోవాళ్లకి కూడా రెండు మాటలు. ఆ మొదటి నాలుగైదు రోజులు మనిషిని ఒంటరిగా వదలొద్దు, బండి ఇవ్వొద్దు, నిచ్చెనలు ఎక్కే పని, మిషన్ల దగ్గర పని అస్సలు వద్దు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, నీళ్లు కూడా పొయ్యొద్దు, ఎన్ని నిమిషాలు ఉందో గడియారంలో చూసుకోండి, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, తగ్గిపోయినా సరే తీసుకెళ్లాల్సిందే. నెత్తురు వాంతి, తారులాగా నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడటం, జ్వరంతో అయోమయం, వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఇంకోటి, దీని గురించి నాకు చాలా భయం. ఆయనకి చెప్పకుండా అన్నంలో కలిపేస్తే మానేస్తాడు అని ఎవరో చెప్పిన ట్యాబ్లెట్లు తెచ్చి కలిపేవాళ్లు ఉన్నారు. డైసల్ఫిరామ్ అనే ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది, గుండె వీక్‌గా ఉన్నవాళ్లు చనిపోవచ్చు కూడా. అది డాక్టర్ రాసి, తాగే మనిషి తెలిసి ఒప్పుకుని, తాగితే ఏమవుతుందో అర్థం చేసుకుని వేసుకోవాల్సిన మందు. ప్రేమతోనే చేస్తారు పాపం, కానీ దయచేసి వద్దు. తాగాలనే కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి వేరే ఉన్నాయి, ఎవరికి ఏది పడుతుందో లివర్, కిడ్నీ చూసి డాక్టరే చెప్పాలి.

సరే, ఇప్పుడు ఇంకో రకం వాళ్లు, అంటే రోజూ కాదు, వణుకు లేదు, కానీ వారంలో మూడు నాలుగు సార్లు పడుతుంది, బరువు పెరుగుతోంది అనేవాళ్లు. మీకు ప్రాణభయం లేదు కానీ లెక్కలో మోసపోతారు. ముందు ఒక పని చెయ్యండి, మీరు రోజూ వాడే గ్లాసులో ఎప్పుడూ పోసుకునే అంతే నీళ్లు పోసి, దాన్ని కొలత గ్లాసులో వంచి చూడండి. ఒక పెగ్గు, అంటే 30 మిల్లీ, అనుకున్నది చాలామందికి ఒకటిన్నరో రెండో ఉంటుంది. తగ్గించడం అక్కడ మొదలెట్టాలి, ఎంత తాగుతున్నామో తెలీకుండా ఎంత తగ్గించామో ఎలా తెలుస్తుంది?

గ్రాము ఆల్కహాల్‌లో 7 క్యాలరీలు, కొవ్వులో 9, పిండిపదార్థంలో 4. అంటే ఇది దాదాపు కొవ్వు తిన్నట్టే, పైగా కడుపు నిండదు. 40 శాతం ఉన్న మందు 30 మిల్లీలీటర్లలో సుమారు 9.5 గ్రాముల ఆల్కహాల్, 66 క్యాలరీలు. క్వార్టర్ మొత్తం చూస్తే 400 దగ్గరికి వస్తుంది. హార్డ్ మానేసి బీర్‌కి మారా అని చెప్పేవాళ్లు ఒకసారి బాటిల్ మీద పర్సెంటేజ్ చదవండి, 8 శాతం ఉన్న 650 మిల్లీ స్ట్రాంగ్ బీర్‌లో 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే నాలుగు పెగ్గులకి పైనే, అందులో ఉండే పిండిపదార్థం మళ్లీ వేరే. మారింది గ్లాసు సైజు ఒక్కటే.

దీనికి తోడు కలుపుకునేవి. 300 మిల్లీ తియ్యటి కూల్‌డ్రింక్‌లో 30 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. నీళ్లో, ప్లెయిన్ సోడానో కలుపుకుంటే అది తప్పుతుంది, అయితే గ్యాస్ ఉన్నవి కలిపితే మందు త్వరగా ఎక్కే అవకాశం ఉంది కాబట్టి ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. ఇంకా స్టఫ్ సంగతి, అంటే మందుతో పాటు నంజుకునేవి, నా ఉద్దేశంలో పొట్ట పెరగడానికి సగం కారణం అదే. లివర్ ముందు ఆల్కహాల్‌ని విరగ్గొట్టే పనిలో పడుతుంది, ఆలోపు కొవ్వు కరగడం వెనక్కి వెళ్తుంది, అదే టైంలో మనం వేయించినవి, ఉప్పగా ఉండేవి లెక్కలేకుండా నోట్లో వేసుకుంటాం, తర్వాత అర్ధరాత్రి మళ్లీ భోజనం. అందుకే తాగే రోజు ముందే సరిగ్గా భోజనం చేసేయండి. క్యాలరీలు సరిచేద్దామని తిండి మానేసి తాగడం అన్నిటికంటే చెడ్డ ఐడియా, ఖాళీ కడుపులో త్వరగా ఎక్కుతుంది, ఎక్కాక ఎంత తాగుతున్నామో ఎంత తింటున్నామో రెండూ చేతిలో ఉండవు.

మందు తగ్గిస్తే నెలలో అయిదు కిలోలు పోతాయి అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కిలో కొవ్వంటే సుమారు 7,700 క్యాలరీలు. వారానికి నాలుగు రోజులు నాలుగేసి పెగ్గులు తాగేవాళ్లు సగానికి తగ్గిస్తే మందు నుంచి మిగిలేది వారానికి 500 పైచిలుకు క్యాలరీలే, అది ఒక్కటే అయితే కిలో తగ్గడానికి మూడు నెలలు దాటుతుంది. కూల్‌డ్రింక్, స్టఫ్, అర్ధరాత్రి తిండి కూడా పోతే అప్పుడు తేడా కనపడుతుంది. ఇది ముందే తెలిసుంటే రెండు వారాలకి వెయింగ్ మిషన్ ఎక్కి ఏం లాభం అని మళ్లీ బాటిల్ తియ్యరు. లోపల మాత్రం లాభం ముందే మొదలవుతుంది, పూర్తిగా ఆపితే కొవ్వు పట్టిన లివర్ కొన్ని వారాల్లోనే బాగుపడటం మొదలెడుతుంది, బాగా తాగేవాళ్లకి బీపీ కూడా దిగుతుంది.

అలా అని మందు తగ్గించిన వారమే కఠినమైన డైట్, కొత్తగా జిమ్, పస్తులు అన్నీ కలిపి మొదలెట్టకండి. మొదటి రెండు వారాలు తీపి మీదకి మనసు లాగుతుంది, నిద్ర చెడుతుంది. మందు తాగితే త్వరగా నిద్ర పడుతుంది కానీ తెల్లవారుజామున నిద్ర ముక్కలవుతుంది, ఆపిన కొత్తలో అసలు పట్టదు కూడా, అలవాటైతేనే సర్దుకుంటుంది. ఈలోపు ఎవరి దగ్గరో తీసుకుని నిద్రమాత్ర వేసుకోవద్దు, ముఖ్యంగా ఆ రాత్రి కొంచెమైనా తాగి ఉంటే అస్సలు వద్దు, రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు.

షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ షుగర్ దించే ట్యాబ్లెట్లు గానీ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. తాగినప్పుడు లివర్ రక్తంలోకి షుగర్ వదలడం తగ్గిస్తుంది, అందుకే తాగిన కొన్ని గంటల తర్వాత, నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, చూసేవాళ్లకి తాగి పడుకున్నాడనే అనిపిస్తుంది. అలాగే తాగుడు, తిండి మారితే బీపీ, షుగర్ మందుల డోసు మార్చాల్సి రావచ్చు, కాబట్టి తగ్గించే ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూపించుకోండి.

శనివారం దగ్గర మాత్రం చాలామంది పడిపోతారు. వారమంతా ముట్టుకోలేదు కదా అని ఒక్క రాత్రికి మొత్తం లాగించేస్తారు, అది తగ్గించడం కాదు. లివర్ గంటకి ఒక చిన్న పెగ్గుకి కొంచెం అటూ ఇటూగా మాత్రమే విరగ్గొట్టగలదు, కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. పైగా కొన్ని వారాలు ఆపాక ఒంటికి పాత అలవాటు తగ్గిపోతుంది, ఇదివరకు తట్టుకున్న కొలతే ఇప్పుడు స్పృహ తప్పిస్తుంది. కాబట్టి ఎప్పుడైనా మళ్లీ తాగినా పాత లెక్కతో పోసుకోవద్దు. ఎన్ని పెగ్గులో గ్లాసు పట్టకముందే అనుకోండి, మధ్యలో నీళ్ల గ్లాసు పెట్టుకోండి, ఇంట్లో స్టాక్ ఉంచొద్దు. ఒక రాత్రి లెక్క తప్పితే మర్నాడు పస్తుండి సరిచెయ్యొద్దు, మామూలుగా తినండి, ఏం టైంకి ఎవరితో తప్పిందో రాసుకోండి, రెండు మూడుసార్లు రాస్తే అది ఒకే టైం, ఒకే గుంపు అని మీకే కనపడుతుంది.

కడుపుతో ఉన్నవాళ్లకి, లివర్ దెబ్బతిన్నవాళ్లకి తగ్గించడం అనే మాటే లేదు, పూర్తిగా మానాల్సిందే. మిగతావాళ్లకి కూడా ఇంతవరకు పర్లేదు అనే సేఫ్ లెవెల్ అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది, కాబట్టి ఎంత తగ్గిస్తే అంత మంచిది.

చివరిగా, డాక్టర్ ఎంత తాగుతారు అని అడిగినప్పుడు తగ్గించి చెప్పొద్దు. ఆ రాత్రి హాస్పిటల్లో అక్క పరువు కోసం అప్పుడప్పుడు తాగుతారండీ అంది, ఆ ఒక్క మాట వల్ల ఫిట్స్ ఎందుకు వచ్చాయా అని మొదట వేరే టెస్టులు చేశారు, నిజం చెప్పాకే అసలు ట్రీట్‌మెంట్ మొదలైంది. ఏదైనా ఆపరేషన్ ఉండి అడ్మిట్ అవుతున్నా ఇది గుర్తుంచుకోండి, బెడ్ మీద మందు దొరకదు కాబట్టి రోజూ తాగేవాళ్లకి ఒక రోజు లోపే వణుకు మొదలవ్వొచ్చు. ఏం తాగుతారు, ఎన్ని మిల్లీలీటర్లు, వారానికి ఎన్ని రోజులు, చివరిసారి ఏ టైంకి తాగారు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి అడ్మిట్ అయ్యే రోజే డాక్టర్ చేతికి ఇచ్చేయండి.