గేమింగ్ హెడ్‌సెట్‌లో గుయ్‌మనే మోత, చిటపటలు ఎలా పోగొట్టాలి?

హెడ్‌సెట్‌లో మోత మొదలవగానే చాలామంది కొత్తది కొనేస్తారు. తీరా తగిలించి చూస్తే మళ్లీ అదే మోత. చాలాసార్లు అది హెడ్‌సెట్‌లో పుట్టేది కాదు మరి. గోడలోని ఎర్త్ దగ్గరో, సీపీయూ ముందువైపు జాక్ దగ్గరో, వైఫై రూటర్ పక్కనో, రెండు సరౌండ్ (శబ్దం చుట్టూరా వస్తున్నట్టు వినిపించే) సెట్టింగులు ఒకదాని మీద ఒకటి ఎక్కినచోటో పుడుతుంది. విశాఖలో వీటికి సముద్రపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కాబట్టి డబ్బు తీసే ముందు మోత ఎక్కడిదో పట్టుకోవాలి. దానికి పావుగంట చాలు.

ముందు వినండి

గేమ్, పాటలు అన్నీ ఆపేసి, వాల్యూమ్ సగంలో పెట్టి, హెడ్‌సెట్ తొడుక్కుని ఊరకే కూర్చోండి. ఏ రకం మోతో తెలిస్తే సగం పని అయినట్టే.

- లావుగా, ఆగకుండా గుయ్‌మంటుంటే కరెంటు లైను మోత. మన సరఫరా 50 హెర్ట్జ్‌ది కాబట్టి 50, 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. అనుమానం ఎర్తింగ్ మీద.
- మౌస్ కదిపినప్పుడో, గేమ్‌లో ఫ్రేములు పెరిగినప్పుడో కీచుమంటుంటే కంప్యూటర్ లోపలి విద్యుత్ గోల ఆడియోలోకి దూరుతోంది.
- సన్నగా బుస్‌మంటుంటే మైక్ గెయిన్ (శబ్దాన్ని పెంచే స్థాయి) ఎక్కువైంది, లేదా సైడ్‌టోన్ (మన గొంతు మన చెవికే వినిపించే సెట్టింగ్) ఆన్‌లో ఉంది.
- వైరు కదిపితే గరగరలాడితే జాక్ మురికి పట్టింది, లేదా లోపల తీగ తెగింది.
- వైర్‌లెస్‌లో మాట ముక్కలు ముక్కలుగా తెగుతుంటే రేడియో తగాదా.
- తుపాకీ శబ్దం డ్రమ్ములోంచి వచ్చినట్టు బోలుగా ఉంటే సరౌండ్ సెట్టింగ్.

తర్వాత హెడ్‌సెట్‌ను కంప్యూటర్ నుంచి విడదీసి చూడండి. 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్నదైతే ఫోన్‌కి, యూఎస్‌బీదైతే ఇంకో ల్యాప్‌టాప్‌కి పెట్టండి. అక్కడ శుభ్రంగా ఉంటే హెడ్‌సెట్ బాగానే ఉంది, తప్పు కంప్యూటర్‌దో ఇంటి కరెంటుదో. అక్కడా అదే మోతైతే జాక్ శుభ్రం చేసే భాగానికి నేరుగా వెళ్లిపోండి.

గుయ్‌మనే మోత: ఎర్త్ సంగతి

ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పిన్ను లాగి బ్యాటరీ మీద నడపండి. మోత ఠక్కున పోయిందంటే దారి చార్జర్ గుండా వస్తోంది. తరచూ కనిపించే కారణం 3 పిన్నుల ప్లగ్గును 2 పిన్నుల కన్వర్టర్‌లో గుచ్చడం. ఎర్త్ తెగిపోయాక చార్జర్ నుంచి చిన్న లీకేజీ కరెంటు ల్యాప్‌టాప్ బాడీ మీదకి, అక్కడి నుంచి హెడ్‌సెట్ గ్రౌండ్‌లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ మూత మీద వేలు రాస్తే జివ్వుమనేది కూడా ఇదే. కన్వర్టర్ తీసేసి అసలైన 3 పిన్నుల సాకెట్ వాడండి.

డెస్క్‌టాప్ అయితే సీపీయూ, మానిటర్, స్పీకర్లు, రూటర్ అన్నిటినీ ఒకే స్పైక్ బస్టర్‌లో పెట్టండి. సీపీయూ ఒక గోడకి, టీవీ ఇంకో గోడకి తగిలించి మధ్యలో హెచ్‌డీఎంఐ కేబుల్ లాగితే రెండు ఎర్త్‌ల మధ్య లూపు ఏర్పడుతుంది. టీవీకి వచ్చే డీటీహెచ్ కేబుల్ ఒక్కసారి ఊడదీసి చూడండి. దానితో మోత ఆగితే లూపు దారి ఆ డిష్‌ వైరే.

అప్పటికీ పోకపోతే సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టి ఏసీ వోల్టేజీ చూడాలి. ఫేజ్‌కి న్యూట్రల్‌కి మధ్య 230 వోల్టుల చుట్టూ ఉంటుంది. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్, ఎర్త్ మధ్య రీడింగ్ బాగా తక్కువొచ్చినా, ఊగిసలాడుతున్నా ఆ సాకెట్‌కి ఎర్త్ లేనట్టే. అలవాటు లేనివాళ్లు ఈ పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయడం మేలు. కొండవాలున రాతి నేల మీద కట్టిన ఇళ్లలో ఎర్త్ గుంత సరిగా పనిచేయడం కష్టం. ఎండాకాలంలో తేమ ఆరిపోతే ఇంకా దిగజారుతుంది. గుంత ఉంటే నీళ్లు పోయించి మళ్లీ కొలవండి.

మోత పోతుంది కదా అని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. మోత తగ్గొచ్చు గానీ, లోపల షార్ట్ అయిన రోజున ఆ కరెంటుకి దారి మీ చెవులే.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లినప్పుడే మోత వస్తుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. దాని ఔట్‌పుట్ నున్నటి అల కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది కాబట్టి గరగర తప్పదు. ప్యూర్ సైన్ వేవ్‌ది ఈ ఇబ్బంది పెట్టదు. ఫ్యాన్‌కి తిప్పే డిమ్మర్ రకం రెగ్యులేటర్ కూడా ఇలాంటి గోలే చేస్తుంది. ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, తర్వాత పూర్తిగా ఆపి చూస్తే తేలిపోతుంది.

మౌస్ కదిపితే కీచుమంటుంటే

సీపీయూ ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే సన్నని వైరు గ్రాఫిక్స్ కార్డు పక్క నుంచే పోతుంది. ఆ గోలంతా పట్టుకొస్తుంది. హెడ్‌సెట్‌ని వెనకవైపు ఆకుపచ్చ జాక్‌కి మార్చండి. హెడ్‌సెట్‌కి నాలుగు లోహపు భాగాలు, మధ్యలో మూడు గీతలు ఉన్న ప్లగ్గు, కంప్యూటర్‌కి వేర్వేరు మైక్, స్పీకర్ జాక్‌లు ఉంటే వై ఆకారపు స్ప్లిటర్ కావాలి. అది లేకుండా ఒకే జాక్‌లో గుచ్చితే మైక్ పనిచేయదు.

ఇక్కడ ఒక వింత లక్షణం గుర్తుపెట్టుకోండి. ఆటలో మనుషుల మాటలు మాయమై వెనకాల సంగీతం, ప్రతిధ్వని మాత్రం వినిపిస్తుంటే అది సరౌండ్ తప్పు కాదు. ప్లగ్గు పూర్తిగా దిగలేదు, లేదా గ్రౌండ్ తీగ తెగింది. గ్రౌండ్ పోతే ఎడమ, కుడి శబ్దాల్లో ఒకేలా ఉండే భాగం రద్దయి తేడా మాత్రమే మిగులుతుంది.

వెనక జాక్‌లోనూ కీచు వదలకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. శబ్దాన్ని డిజిటల్‌గా బయటికి తెచ్చి అక్కడ అనలాగ్‌గా మారుస్తుంది కాబట్టి మదర్‌బోర్డు గోల చాలావరకు వెనకే ఉండిపోతుంది. దుకాణంలో చూపించే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ హెడ్‌సెట్‌కి అంతగా నప్పదు. అది స్పీకర్ లైనుకి పెట్టే వస్తువు. మామూలు రకాల్లో మైక్ లైను ఉండదు, బేస్ కూడా పలచబడుతుంది.

కీచు చెవిలో కాకుండా సీపీయూ పెట్టెలోంచే వస్తోందేమో కూడా చూడండి. హెడ్‌సెట్ తీసినా వినిపిస్తే అది గ్రాఫిక్స్ కార్డు కాయిల్ చేసే చప్పుడు. ఫ్రేమ్ రేటుకి హద్దు పెట్టుకుంటే తగ్గుతుంది.

బుస్సు, ఫ్యాను గోల, మైక్

విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, అక్కడ అడుగున మోర్ సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. రికార్డింగ్ ట్యాబ్‌లో మీ మైక్ మీద రెండుసార్లు నొక్కితే లెవెల్స్ కనిపిస్తాయి. మైక్ బూస్ట్ +20, +30 డెసిబెల్స్‌లో ఉంటే సున్నాకో +10కో దించండి. లెవెల్ 70, 80 మధ్య ఉంచండి. అదే విండోలో లిజన్ ట్యాబ్‌లో ‘లిజన్ టు దిస్ డివైస్’ టిక్ ఉంటే తీసేయండి. హెడ్‌సెట్ యాప్‌లో సైడ్‌టోన్ ఉంటే సున్నా చేయండి. మైక్ మ్యూట్ నొక్కగానే చెవిలో బుస్సు ఆగిపోతే దోషి సైడ్‌టోనే.

బూస్ట్ తగ్గిస్తే గొంతు వినిపించదని భయపడక్కర్లేదు. మైక్‌ని నోటి ఎదురుగా కాకుండా పెదవుల మూలకి, రెండు వేళ్ల దూరంలో ఉంచండి. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా మైక్ మీద పడే చోట కూర్చోకండి. పడక తప్పదంటే స్పాంజి తొడుగు వేయండి. గేమర్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో క్రిస్ప్ అనే నాయిస్ సప్రెషన్ (గోల తగ్గించే సెట్టింగ్) ఆన్ చేస్తే ఫ్యాను, ఏసీ చప్పుడు చాలావరకు కోసేస్తుంది. అయితే హెడ్‌సెట్ యాప్‌లో, విండోస్‌లో, డిస్కార్డ్‌లో మూడుచోట్లా నాయిస్ సప్రెషన్ ఆన్‌లో ఉంటే గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టు తయారవుతుంది. ఒక్కచోట చాలు.

వైర్‌లెస్ తెగుతుంటే

గేమింగ్ హెడ్‌సెట్ల డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న యూఎస్‌బీ రిసీవర్) ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే ఫ్రీక్వెన్సీ పట్టీలో ఉన్నాయి. అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా పక్కా ఫ్లాట్ల రూటర్లన్నీ కలిస్తే చెప్పక్కర్లేదు. అంతకంటే దగ్గరి శత్రువు యూఎస్‌బీ 3.0 పోర్టు. దాన్నుంచి 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో గోల వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక సాంకేతిక పత్రంలో చూపించింది. కాబట్టి డాంగిల్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులోంచి తీసి, ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో యూఎస్‌బీ 2.0 పోర్టుకి పెట్టి, టేబుల్ మీద హెడ్‌సెట్‌కి కనిపించేలా ఉంచండి. పక్కనున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ని దూరం జరపండి. రూటర్‌ని కనీసం మీటరున్నర అవతల పెట్టి, కంప్యూటర్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. చాలామందికి ఇంతటితో సరిపోతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ చేయగానే శబ్దం పాత టెలిఫోన్‌లా మారితే అది అంతరాయం కాదు, ఫోన్ కాల్స్ కోసం ఉన్న హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి దిగిపోవడం. ఆటకి డాంగిల్ వాడండి, లేదా విడిగా మైక్ పెట్టుకోండి.

సరౌండ్ ఒక్కటే ఉండాలి

హెడ్‌సెట్ యాప్‌లో 7.1, విండోస్‌లో విండోస్ సోనిక్ లేదా డాల్బీ అట్మాస్, గేమ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్: మూడూ చేసే పని ఒకటే, శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవికి తెలిసేలా చేయడం. రెండు కలిస్తే అడుగుల చప్పుడు ఏ దిక్కు నుంచో తెలియదు. వాలరెంట్ గేమ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేస్తే మిగతావన్నీ ఆపేసి స్టీరియోలో ఆడండి. చిటపటలు అప్పటికీ ఉంటే మోర్ సౌండ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ డివైస్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో 24 బిట్, 48000 హెర్ట్జ్ ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపండి.

ఉప్పుగాలి, తెగిన తీగలు

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్‌బే కాలనీ వైపు సముద్రపు గాలి ఆడే గదుల్లో జాక్ మెరుపు త్వరగా పోతుంది. ప్లగ్గుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదితో తుడవండి. జాక్ రంధ్రంలోకి టూత్‌పిక్‌కి చుట్టిన పలచని దూది పెట్టి తిప్పి తీయండి. కంప్యూటర్ ఆఫ్‌లో ఉండాలి. పది నిమిషాలు ఆరాకే ఆన్ చేయండి. బాడీ స్ప్రే, కొబ్బరినూనె వద్దు, అవి జిడ్డు వదులుతాయి. వాడనప్పుడు హెడ్‌సెట్‌ని మూత డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి.

తుడిచినా వైరు కదిపితే గరగరమంటే మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి ప్లగ్గు కొనకి, కొనతో కలిపి లెక్కిస్తే మూడో లోహపు భాగానికి తాకించండి. ఎక్కువ హెడ్‌సెట్లలో 32 ఓమ్స్‌కి అటూ ఇటూ వస్తుంది. వైరు వంచినప్పుడు అంకె ఎగిరిపడితే తీగ తెగింది. డాబాగార్డెన్స్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో 4 పోల్ జాక్ అడగండి. సన్నని తీగలకి వార్నిష్ పూత ఉంటుంది, దాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి సీసం పట్టించాకే అతికించాలి. వరుస: కొన ఎడమ, తర్వాత కుడి, తర్వాత గ్రౌండ్, చివర మైక్. తీగల రంగులు కంపెనీకో రకం కాబట్టి కోసే ముందు మీటర్‌తో చూసి రాసుకోండి.

వారంటీ ఉంటే వైరు కోయొద్దు. దుకాణానికి తీసుకెళ్లే ముందు మోతని ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇంకో ఇంట్లో కూడా పెట్టి చూసుకోండి. ఇంటి ఎర్త్ తప్పైతే దుకాణంలో ఆ మోత రాదు, మిమ్మల్ని తిరిగి పంపేస్తారు.