దగ్గరగా చూద్దాం – 3వ పాఠం: ఇనుము మీద వెలుతురు

పోయిన పాఠంలో ఒకటికి ఒకటి సైజులో, అంటే వస్తువు ఎంతుందో కెమెరా సెన్సార్ మీద అంతే పడేలా ఫోటో తీస్తే, ఫోకస్ ఎంత పలచగా ఉంటుందో చూశాం. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8కి చిన్నది చేసినా ఫోకస్‌లో దక్కేది సుమారు ఒక మిల్లీమీటరు. బియ్యపు గింజ మందం కూడా లేదు. అడకత్తెర మీద సాధన చేసినవాళ్ళకి ఆ బాధ తెలిసే ఉంటుంది. ఈసారి అసలు వస్తువు దగ్గరికి, తుపాకీ దగ్గరికి వెళ్దాం.

మా పర్లాకిమిడిలో మా వీధి తాతగారి దగ్గర రెండు గొట్టాల పాత 12 బోర్ తుపాకీ ఉంది. లైసెన్సు ఆయన పేరున ఉంది కాబట్టి తుపాకీ మా ఇంటికి రాదు, నా కెమెరాయే వాళ్ళ వసారాకి వెళ్తుంది. ముందు ఆయనే తుపాకీ మడత తెరిచి, రెండు గొట్టాలూ వెలుతురుకి పట్టి, ఖాళీయేనని నాకు చూపిస్తారు. తూటాలు వేరే గదిలో, తాళంలో ఉంటాయి. ఖాళీదని తెలిసినా గొట్టం మూతికి ఎదురుగా లెన్స్ పెట్టను, పక్క నుంచే తీస్తాను. ఈ పద్ధతి కుదరని చోట ఫోటో మానేయండి.

ఇప్పుడు వెలుతురు. మెరుగు పెట్టిన ఇనుము అద్దం లాంటిది. దాని ముందు ఏముంటే అదే అందులో పడుతుంది. నేను మొదటిసారి తీసిన ఫోటోలో గుర్రం పక్కనున్న రేకు మీద పూలతీగ నగిషీ ఉండాల్సిన చోట నా గళ్ళ చొక్కా కనిపించింది. తూటాని పేల్చడానికి కొట్టే ముక్కని, హ్యామర్‌ని, మా పెద్దవాళ్ళు గుర్రం అనే అంటారు. తాతగారు స్క్రీన్ చూసి, "తుపాకీ తియ్యమంటే చొక్కా తీశావేంరా?" అన్నారు. అప్పటి నుంచి నల్ల చొక్కాతోనే వెళ్తున్నాను.

కిటికీ వెలుతురు నేరుగా పడితే ఇనుము మీద వివరాలేవీ లేని తెల్లటి మచ్చ పడుతుంది. ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టొచ్చు గానీ, ఉతికిన తెల్ల పంచెను మించింది నాకింతవరకు దొరకలేదు. కిటికీకి, తుపాకీకి మధ్య తాడు కట్టి దాని మీద వెయ్యండి. ఇనుముకి ఇప్పుడు కిటికీ బదులు పెద్ద తెల్లగోడ కనిపిస్తుంది, మచ్చ పోయి మెత్తని మెరుపు వస్తుంది. అయితే అంతా తెల్లబడితే ఇనుము ప్లాస్టిక్‌లా తేలిపోతుంది. రెండో పక్క ఒక నల్ల అట్టముక్క నిలబెట్టండి. దాని నీడ అంచున గీతలా పడి గొట్టం గుండ్రంగా లేచి కనిపిస్తుంది. అట్టని అంగుళం అటూ ఇటూ జరిపి చూడండి, సగం పని అక్కడే ఉంది.

నగిషీకి ఇది చాలదు. సాయంత్రం ఎండలో దున్నిన చాళ్ళు ఎలా తేలతాయో చూశారుగా? చిన్న టార్చిని రేకుకి దాదాపు సమానంగా, పక్క నుంచి పట్టుకుంటే గీతలు అలాగే లేస్తాయి. ఈ తుపాకీ గొట్టం అడుగున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పరీక్ష ముద్ర ఉంది, చిన్న కిరీటం. మామూలు కంటే ఎక్కువ తుపాకీ మందుతో పేల్చి, గొట్టం తట్టుకుంటేనే కొట్టే ముద్ర ఇది. అక్కడ ఆ పరీక్షాశాల 1813లో మొదలైంది. కంటికి గీతలా ఉన్నది టార్చి వంచగానే కిరీటమైంది.

పోలరైజర్ ఫిల్టర్ కొనేముందు ఒక మాట: కర్ర మీది వార్నిష్ మెరుపుని అది తగ్గిస్తుంది, ఉత్త ఇనుము మీద మాత్రం పెద్దగా పని చెయ్యదు. దుకాణంలో ఈ మాట చెప్పరు.

ఒకటికి ఒకటి సైజులో ఎఫ్ 8 అసలు లెక్కకి ఎఫ్ 16 అవుతుంది, అంటే రెండు స్టాపుల వెలుతురు, నాలుగింట మూడు వంతులు, పోతుంది. ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ తప్పవు. ఫ్యాన్ ఆపెయ్యండి, లేకపోతే పంచె ఊగుతుంది. వేలిముద్రలు పడితే మెత్తటి నూలు గుడ్డతో తుడవమని తాతగారినే అడగండి. తుడిచే గుడ్డకి నూనె ఎక్కువైతే పొర కట్టి రంగులు మారతాయి. ఫోటో ఎవరికైనా పంపేముందు సీరియల్ నంబరు చెరిపెయ్యండి.

ఈ వారం పని: తుపాకీ అక్కర్లేదు, పాత ఇత్తడి తాళం చాలు. ఒక ఫోటో ఉత్త కిటికీతో, ఒకటి పంచెతో, ఒకటి పంచె, నల్ల అట్ట రెండింటితో తీయండి. పర్లాకిమిడి కొమ్ము దువ్వెన ఉంటే దాన్నీ వరసలో పెట్టండి. పాత తుపాకుల మడమకి, అంటే భుజానికి ఆనించే చివరకి, కొమ్ము పలక వేసేవారు కదా, వెలుతురు కొమ్ములోకి కాస్త ఇంకుతుంది, ఇనుము మీద ఇంకదు. ఆ తేడా నాలుగో పాఠంలో వేర్వేరు చోట్ల ఫోకస్ చేసిన పది ఫోటోలు ఒకటిగా కలిపేటప్పుడు పనికొస్తుంది. పంచె మాత్రం అడిగి తీసుకోండి, నేను అడక్కుండా తీసి నానమ్మ చేత తిట్లు తిన్నాను.