ఒక్కసారి ఒత్తితే మోటరు ఒక్కసారే ఆన్ కావాలంటే?

పరకాల దగ్గర మా పొలంలో బోరు మోటరుకు ఆర్డునో ఊనోతో (మనమే ప్రోగ్రాము రాసి ఎక్కించే చిన్న బోర్డు) చిన్న బాక్సు చేసి పెట్టాను. ఒకటే బటన్: ఒత్తితే ఆన్, మళ్లీ ఒత్తితే ఆఫ్. బోర్డు చెప్పినట్టు కలిపి తెంపే స్విచ్చే రిలే. మొదటి రోజే బాపు ఒత్తి చూసి, "గిదేంది రా, ఒక్కసారి ఒత్తితే రిలే టకటక కొట్టుకుంటాంది" అన్నాడు. తప్పు ఆయన వేలిది కాదు, నా ప్రోగ్రాముది.

బటన్ లోపలి రేకులు తగలగానే కుదురుకోవు. బండ మీద పడ్డ గోలీలా కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి ఆగుతాయి. మనకు తెలియదు గానీ, సెకనుకు కోటీ 60 లక్షల టిక్కులు కొట్టే చిప్పుకు ఒక్కో ఎగురూ ఒక కొత్త ఒత్తుడే.

ముందు వైరింగ్. బటన్ ఒక కాలు 2వ పిన్నుకు, ఇంకోటి గ్రౌండుకు (బోర్డు మీది GND పిన్ను). పిన్నును ఇన్‌పుట్ పుల్‌అప్‌గా పెడితే, బటన్ వదిలినప్పుడు పిన్నును 5 వోల్టుల వైపు లాగి పట్టే పని చిప్పులోని రెసిస్టరే చేస్తుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: ఒత్తితే సున్నా, వదిలితే ఒకటి. బటన్ వైరు పొడుగ్గా మోటరు కేబుల్ పక్క నుంచే వస్తుంటే లోపలి రెసిస్టర్ చాలదు. బయట 5 వోల్టులకు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, పిన్ను నుంచి గ్రౌండుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి.

ఇక ప్రోగ్రాము. నేను మొదట డిలే (కాసేపు ఆగమనే ఆదేశం) పెట్టి సరిపెట్టుకున్నా. అంతసేపూ చిప్పు ఇంకేదీ చూడదు, కాబట్టి అది వద్దు. లూప్ (ప్రోగ్రాములో మళ్లీ మళ్లీ నడిచే భాగం) తిరిగిన ప్రతిసారీ పిన్ను చదవండి. విలువ మారితే అప్పటి మిల్లిస్ (చిప్పు లేచినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు) రాసుకోండి. ఆ తర్వాత 50 మిల్లీసెకన్లు మారకుండా ఉంటేనే అది నిజమని నమ్మండి. ఒకటి నుంచి సున్నాకు నిజంగా మారిన ఆ క్షణమే ఒక ఒత్తుడు. వేలు దానిమీదే ఉందా లేదా అన్నది వేరే సంగతి. టైం చూసేటప్పుడు 'ఇప్పుడు' లోంచి 'అప్పుడు' తీసేయండి, రెండూ అన్‌సైన్డ్ లాంగ్‌లో (మైనస్ లేని పెద్ద సంఖ్యల రకం). మిల్లిస్ దాదాపు 49.7 రోజులకు మళ్లీ సున్నాకొచ్చినా లెక్క తప్పదు.

ఇంటరప్ట్ (పిన్ను మారగానే చిప్పు చేస్తున్న పని ఆపి అటు చూసే పద్ధతి) వాడాలా అని అడుగుతారు. వేలు కోసమైతే అక్కర్లేదు, లూపే చాలా వేగం.

మేక రాసుకున్నా మోటరు ఆన్ కాకూడదని, ఆన్‌కు 2 సెకన్లు పట్టి ఉంచాలని, ఆఫ్‌కు తాకితే చాలని పెట్టాను. ఇందులో నేను పడ్డ గుంట ఒకటుంది. ఆఫ్ చేసి వేలు తీయకపోతే 2 సెకన్లకు మళ్లీ ఆన్ అయ్యేది! ఒక్కసారి పని జరిగాక, బటన్ వదిలేదాకా ఇంకో పని చేయనివ్వని ఒక జెండా (ప్రోగ్రాములో అవును/కాదు అనే గుర్తు) పెట్టుకుంటే సరి.

కరెంటు పోయి వస్తే మోటరు ఆఫ్‌లోనే ఉండాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, భూగర్భ జలాలు తోడేస్తాయనే ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును దానంతటదే ఆన్ చేసేవి) తీసేయమని తెలంగాణ ప్రభుత్వం కోరింది. మన బాక్సు ఆ పని చేయొద్దు. చిప్పు లేచినప్పుడు పిన్ను ఎలా ఉంటే అదే మొదటి స్థితిగా తీసుకోండి, అప్పటికే ఒత్తి ఉన్న బటన్ లెక్కలోకి రాదు.

స్టార్టర్ మీది ఎర్ర స్టాప్ బటన్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది కాయిల్ (స్టార్టర్‌ను ఆన్‌లో పట్టి ఉంచే తీగచుట్ట) వైరును నేరుగా తెంపాలి, మధ్యలో ప్రోగ్రాము ఉండకూడదు. చిన్న రిలే మాడ్యూళ్లు సాధారణంగా 250 వోల్టులకే. 415 వోల్టుల కాయిల్‌కు నేరుగా కలపకుండా మధ్యలో తగిన కాంటాక్టర్ (పెద్ద రిలే లాంటిది) వేయించండి, అదీ ఎలక్ట్రీషియన్‌తోనే.

మోటరుకు కలిపే ముందు రిలే బదులు ఎల్‌ఈడీ పెట్టి 50 సార్లు ఒత్తండి. ఒత్తుళ్ల లెక్కను సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే మాటలు కంప్యూటర్‌లో కనబడే కిటికీ) రాయించండి, అక్కడ 51 కనబడితే ఆ 50 మిల్లీసెకన్లను కొంచెం పెంచండి.