అన్నీ ఆపినా తిరిగే మీటరు: లెక్క కట్టడం ఇలా

స్మార్ట్ మీటరైనా పాత డిజిటల్ మీటరైనా ముందువైపు ఆగి ఆగి మెరిసే చిన్న ఎర్రలైటు ఉంటుంది. పక్కనే 3200 లాంటి అంకె ఉంటుంది. ఒక యూనిట్‌కు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం.

రాత్రి పడుకునే ముందు లైట్లు, ఫ్యాన్లు ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ పది నిమిషాలు తీసేయండి. లేకపోతే కంప్రెసర్ మధ్యలో మొదలై లెక్క చెడుతుంది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, చార్జర్లు రోజూ ఎలా ఉంటాయో అలాగే వదలండి. రెండు మెరుపుల మధ్య సెకన్లు ఫోన్‌లో కొలవండి. 36 లక్షలను మీటరు మీది అంకెతో, ఆ వచ్చినదాన్ని సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 3200 మీటరులో 30 సెకన్లంటే 37.5 వాట్లు, అంటే నెలకు 27 యూనిట్లు!

ఇప్పుడు ఒక్కో ప్లగ్ తీస్తూ మళ్లీ కొలవండి. సాధారణంగా పెద్ద దోషి సెట్‌టాప్ బాక్సే. రిమోట్‌తో ఆపినా లోపల దాదాపు అంతే పని చేస్తూ ఉంటుంది, గోడ స్విచ్చే దారి. ఏసీ స్టెబిలైజరు సంగతీ అంతే. ఖాళీ ఫోన్ చార్జరు గురించి మాత్రం బెంగ వద్దు, అది లెక్కలోకి రానంత తక్కువ.

ఇన్వర్టర్‌ను ఆపకండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే కొలవండి. చార్జవుతుంటే వందల వాట్లు చూపి కంగారు పెడుతుంది. మెయిన్ ఆపినా లైటు మెరుస్తుంటే లైన్‌మన్‌ను పిలవండి, మీటరు సీలు ముట్టుకోవద్దు.