విశాఖలో పాత సన్ వర్క్‌స్టేషన్లు: పలకకపోతే ఎక్కడ చూడాలి

గాజువాక ఆటోనగర్‌లో తుక్కు కొనే కొట్లోనో, మూతపడ్డ ఆఫీసు స్టోర్‌రూంలోనో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ కంప్యూటర్లయిన ఒక స్పార్క్‌స్టేషన్ 5 (1994), ఒక అల్ట్రా 5 (1998) కనబడిందనుకోండి. "డెడ్ అయిపోయింది సార్, తూకానికి పట్టుకెళ్లండి" అంటాడు అమ్మేవాడు. తూకానికి ఇస్తానంటే మారుమాట లేకుండా తెచ్చేసుకోండి. ఇలా డెడ్ అన్న వాటిలో చాలావరకు బోర్డులు బాగానే ఉంటాయి. పోయేది చుట్టూ ఉన్న చిల్లర సామాను: బ్యాటరీ, కెపాసిటర్లు, కనెక్టర్లు. ఇంటికి తేగానే ప్లగ్గు మాత్రం పెట్టకండి. ముందు మూత తీసి లోపల చూడాలి.

అసలు కరెంటే అందుకోవడం లేదు, లేదా ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది

కొన్ని పాత యంత్రాలకు వెనక 115/230 అని చిన్న స్విచ్ ఉంటుంది. అమెరికా నుంచి వచ్చిన పెట్టెలో అది 115 మీద ఉండిపోతే, మన 230 వోల్టులు తగలగానే పవర్ సప్లై పేలుతుంది. మొదట అది చూడండి.

తరువాత పవర్ సప్లై విప్పి చూడాలి. విప్పే ముందు ఒక మాట: ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. మెయిన్స్ దగ్గర పసుపుపచ్చగా, పారదర్శకంగా ఉండే కాగితపు కెపాసిటర్ కనబడి, దాని ఒంటి మీద సన్నని పగుళ్లు ఉంటే ఆలోచించకుండా తీసేయండి. పగుళ్లలోంచి తేమ పీల్చుకుంటుంది. మన ఊళ్లో తేమకు కొదవేముంది? ఆన్ చేసిన కాసేపటికి గది నిండా పొగ. దాని స్థానంలో అదే విలువ ఉన్న ఎక్స్2 రకం ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే సరిపోతుంది.

ఫ్యాన్ కదిలి ఆగిపోతోందంటే అనుమానం ఔట్‌పుట్ వైపున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల మీద. పైభాగం ఉబ్బి ఉంటుంది, లేదా కాళ్ల దగ్గర గోధుమరంగు మరక ఉంటుంది. కారిన వాటి దగ్గర చేపల వాసన కూడా వస్తుంది. ఫిషింగ్ హార్బర్ వైపు ఉండేవాళ్లు దాన్ని బయటి గాలి మీదకి నెట్టేయకండి. 105 డిగ్రీల రకంవి కొని, ఒక్కటి కాకుండా సెట్టు మొత్తం మార్చండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బల్బు బోర్డు మీద పెట్టండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచిదే. పూర్తిగా వెలిగి అలాగే నిలబడితే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే ఆపేయండి.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర మాత్రం నల్లగానే ఉంది

ఇక్కడే చాలామంది టెన్షన్ పడి గ్రాఫిక్స్ కార్డు వెతుక్కోవడం మొదలెడతారు. అది తరువాత. సన్ యంత్రానికి కీబోర్డు పీకేస్తే కన్సోల్ (యంత్రం తన మెసేజ్‌లు చూపించే చోటు) దానంతట అదే "ఏ" అనే సీరియల్ పోర్టు మీదకు వెళ్తుంది. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీరియల్ వైరు, నల్-మోడెమ్ కేబుల్ (పంపే, అందుకునే తీగలు తారుమారుగా ఉండేది) తగిలించి టెర్మినల్‌లో 9600, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ అని పెట్టండి. అక్షరాలు వస్తున్నాయంటే బోర్డు బతికే ఉంది.

సీరియల్‌లో అంతా బాగుండి మానిటర్ మీదే రాకపోతే కారణం సింక్, అంటే బొమ్మ గీతలు ఎక్కడ మొదలవాలో మానిటర్‌కు చెప్పే సిగ్నల్. 13డబ్ల్యూ3 అనే పాత రకం వీడియో కనెక్టర్ ఉన్న చాలా కార్డులు ఆకుపచ్చ సిగ్నల్‌లోనో, కలిపి ఒకే తీగ మీదో సింక్ పంపుతాయి. దాన్ని గుర్తించని ఎల్‌సీడీ "నో సిగ్నల్" అంటుంది, లేదా బొమ్మంతా పచ్చగా చూపిస్తుంది. మీ కార్డు పంపే రకం సింక్ అందుకునే మానిటర్ సంపాదించండి. సిలికాన్ గ్రాఫిక్స్ అనే ఇంకో వర్క్‌స్టేషన్ కంపెనీ వాళ్లదీ 13డబ్ల్యూ3యే కానీ పిన్నుల అమరిక వేరు. ఒకరి అడాప్టర్ ఇంకొకరికి పెట్టకూడదు.

"ఐడీప్రామ్ చెల్లదు" అంటోంది, ఈథర్నెట్ అడ్రసు అంతా ఎఫ్ఎఫ్‌లే, డిస్క్ వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలని చూస్తోంది

ఇది దాదాపు ప్రతి సన్ యంత్రానికీ వచ్చేదే. తుక్కు కొట్టుకు చేరడానికి అసలు కారణం కూడా చాలాసార్లు ఇదే. బోర్డు మీద ఎన్‌వీరామ్ చిప్ (కరెంటు లేకపోయినా బ్యాటరీతో గుర్తుంచుకునే మెమరీ) ఉంటుంది: స్పార్క్‌స్టేషన్ 5లో ఎం48టీ08, అల్ట్రా 5లో ఎం48టీ59. గడియారం, సెట్టింగులు, ఈథర్నెట్ అడ్రసు, హోస్ట్ ఐడీ (యంత్రం గుర్తింపు నంబరు) అన్నీ అందులోనే. ఈ గుర్తింపు వివరాల భాగమే ఐడీప్రామ్. లిథియం బ్యాటరీ ఆ చిప్ నెత్తిన ఎపాక్సీలో పూడ్చిపెట్టి ఉంటుంది. దాని ఆయుష్షు సుమారు 10 ఏళ్లు. అది అయిపోతే యంత్రానికి తన అడ్రసే తెలియదు. సెట్టింగులు చెదిరి డయాగ్నొస్టిక్ స్విచ్ ఆన్ అయిపోతే డిస్క్ ఊసెత్తకుండా నెట్‌వర్క్‌లో సర్వర్ కోసం ఎదురుచూస్తూ అదే టైమౌట్ మెసేజ్ కొడుతూ కూర్చుంటుంది.

కొత్త చిప్ కొనడం ఒక దారి. ఎం48టీ08 విషయంలో "కొత్తది" అని అమ్మేవి కూడా ఏనాడో తయారై మూలన పడినవే కావచ్చు. డేట్ కోడ్ ఫొటో అడగండి. నాకైతే రెండో దారే నయం. చిప్‌ను సాకెట్ నుంచి నెమ్మదిగా లేపి, బ్యాటరీ ఉన్న చివర ఎపాక్సీని సన్న ఆకురాయితో గీకుతూ పోతే రెండు లోహపు పట్టీలు బయటపడతాయి. రెండో చివర క్రిస్టల్ ఉంటుంది, అటు వెళ్లకండి. పాత సెల్‌కు వెళ్లే పట్టీని తప్పకుండా తెంపాలి. తెంపకపోతే చచ్చిన సెల్ కొత్తదాన్ని కూడా పీల్చేస్తుంది. తరువాత సీఆర్2032 హోల్డర్ టంకం వేసి, ప్లస్ మైనస్ మరోసారి చూసుకోండి.

చిప్ పెట్టాక ఓకే ప్రాంప్ట్ (సిస్టమ్ బూట్ కాకముందే ఆదేశాలు టైప్ చేసే చోటు) దగ్గర ఎంకేపీ అనే ఆదేశంతో 16 బైట్లు రాయాలి. సున్నా స్థానంలో 1. తరువాతిది మెషీన్ టైప్, స్పార్క్‌స్టేషన్ 5కు హెక్సాలో (16 అంకెల లెక్కలో) 80. 2 నుంచి 7 దాకా ఈథర్నెట్ అడ్రసు. సన్ వాళ్లది 08:00:20తో మొదలవుతుంది. స్టిక్కర్ మీద పాత అడ్రసు ఉంటే అదే వేయండి, లేకపోతే చివరి మూడు బైట్లు మీ ఇష్టం. ఇంట్లో రెండు యంత్రాలకు ఒకటే పెట్టకండి. తరువాతి నాలుగు తయారీ తేదీవి, సున్నాలు వేసినా నడుస్తుంది. ఆ పైన మూడు హోస్ట్ ఐడీ. చివరిది చెక్‌సమ్: ముందున్న 15 బైట్లనూ ఎక్సార్ (బిట్టు బిట్టుగా పోల్చి, తేడా ఉన్న చోట 1 వేసే లెక్క) చేస్తే వచ్చేది. ఇది ఒక్క బిట్టు తేడా వచ్చినా మళ్లీ అదే పాట. ఆ తరువాత డిఫాల్ట్‌లు పెట్టి, డయాగ్ స్విచ్‌ను ఫాల్స్ చేసి రీసెట్ కొట్టండి.

ఎండాకాలం బాగా నడిచింది, వానలు మొదలవగానే మెమరీ ఎర్రర్లు

ఉప్పుగాలి పని. లాసన్స్ బే, ఎంవీపీ వైపు కిటికీ తెరిచి ఉంచే గదిలో కనెక్టర్ల మీద ఆకుపచ్చ పొర త్వరగానే వస్తుంది. మెమరీ, ఎస్‌బస్ (సన్ వాళ్ల అదనపు కార్డుల స్లాట్) కార్డులు తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. రబ్బరుతో రుద్దే అలవాటు మనకు ఉంది కానీ, బంగారు పూత అరిగిపోతుంది. వాడనప్పుడు మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ వేసి పెట్టండి. హుద్‌హుద్ లాంటి తుపాను నీళ్లలో నానిన పెట్టె దొరికితే డిస్టిల్డ్ వాటర్‌తో ఉప్పు కడగనిదే ఆరబెట్టకండి. ఆరబెట్టడం కూడా నీడలో, ఫ్యాన్ కింద.

డిస్క్ కనబడటం లేదు

స్పార్క్‌స్టేషన్ 5లో ఓకే ప్రాంప్ట్ దగ్గర ప్రోబ్-స్కజీ కొట్టి చూడండి; స్కజీ అంటే డిస్కులు, సీడీ తగిలించే పాత పద్ధతి. అందులో బూట్ డిస్క్ 3వ ఐడీ మీద, సీడీ 6 మీద ఉండాలి. టెర్మినేషన్ (తీగ చివర సిగ్నల్ వెనక్కి కొట్టకుండా ఆపేది) ఈ వరుస రెండు చివర్లలోనే ఉండాలి. డిస్క్ తిరుగుతుంటే ఇంకేమీ చేయకుండా ముందు డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసుకోండి, రేపు తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఆ ఇమేజ్‌ను బ్లూస్కజీ, జూలూస్కజీ లాంటి ఎస్‌డీ కార్డు బోర్డులో వేసి నడపొచ్చు. స్పార్క్‌స్టేషన్ 5, 20లలో 80 పిన్నుల డిస్క్ కనెక్టర్ ఉంటుంది కాబట్టి 50 పిన్నుల బోర్డుకు అడాప్టర్ కూడా కొనుక్కోవాలి. సీడీ నుంచి బూట్ కావాలంటే 512 బైట్ల సెక్టార్లు ఇవ్వగల డ్రైవే పనికొస్తుంది. కొన్ని డ్రైవులకు దానికోసం వెనక జంపర్ ఉంటుంది.